కాలాపేట ఒడ్డున టైటానిక్

పుదుచ్చేరి కడలూరు రోడ్డుమీద రైలుగేటు పడినప్పుడెల్ల నిలిచిపోవు జనమునకు చదువుకొనుటకై ఇంతకాలము సినిమా పోస్టర్లును, నగల దుకాణముల ప్రకటనలును ఉండెడివి. ఈ అడ్మిషన్ల ఋతువున ఆ చోటెల్లయు కళాశాలలు ఆక్రమించుకొన్నవి. ఏ ఫ్లెక్సీ చూచినను ఒకటే పాట: ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సు, డేటా సైన్సు, మెషీన్ లెర్నింగు, నూటికి నూరుపాళ్లు ప్లేస్‌మెంటు. నిన్నమొన్నటి దాక మరేదో నేర్పుచుండిన సంస్థలు సైతము పాత బోర్డుమీద క్రొత్తరంగు పూసి, అదే ఉపాధ్యాయవర్గమును, అదే ప్రయోగశాలను, అదే సీలింగు ఫ్యానును వెంటబెట్టుకొని ఈ నూతన శాస్త్రములోనికి ఏమాత్రము బిడియపడక గృహప్రవేశము చేసినవి. 1898లో పుట్టి, 2011 డిసెంబరు 30 నాటి థానే తుపానుతో నడుము విరిగి, 2020 ఏప్రిల్ నెలాఖరున కడపటిసారి తలుపులు మూసికొన్న మన ముదలియార్‌పేట ఆంగ్లో ఫ్రెంచి మిల్లు ప్రక్కనే, ఆ మిల్లు కూలితో తాతలు, తండ్రులు పోషించిన కుటుంబముల పిల్లలు తలలెత్తి ఈ ఫ్లెక్సీలను చదువుచుండగా చూచునప్పుడు నాకు కోపమే వచ్చును గాని ఆశ కలుగదు.

ఈ విద్యను నేను తూలనాడుటలేదు. లోకము దానిమీద నడచుచున్నది. బ్యాంకులో అప్పు ఇయ్యవచ్చునా రాదా యనుటకును, ఛాతీ ఎక్సురేలో క్షయ ఉన్నదా లేదా యనుటకును అది పనికివచ్చుచున్నది. హైదరాబాదు ఐఐటీ 2019లోనే కృత్రిమ మేధలో బీటెక్ ప్రారంభించినది. మనకు మూడు గంటల దూరములోనున్న మద్రాసు ఐఐటీ 2020లో ఇంటనుండియే చదువదగిన డేటా సైన్సు పట్టము తెచ్చి, జేఈఈ గండము గడవని పిల్లలకు సైతము ఒక ద్వారము తెరచినది. అందులో పునాదిదశలోని 8 పాఠ్యాంశములలో నాలుగు గణితము, సంఖ్యాశాస్త్రముల కొరకే కేటాయింపబడినవని గమనించినవారు ఎందరు? మన ఫ్లెక్సీలలో ప్లేస్‌మెంటు అను మాట అరచేతి మందమున ఉన్నది. సంఖ్యాశాస్త్రమను మాట భూతద్దము పెట్టి వెదకినను కానరాదు. నా తగవు అక్కడ.

మా మేడమీది గదిలో యానామునుండి వచ్చి చదువుకొనుచున్న ఒక అమ్మాయి ఉన్నది. కళాశాల పేరు ఇక్కడ అవసరము లేదు; ఏ కళాశాల అయినను కథ ఇంతే. చివరి సంవత్సరపు ప్రాజెక్టు మరునాడు ఒప్పగింపవలెనని మొన్న సాయంకాలము ల్యాప్‌టాపు తెచ్చి అరుగుమీద కూర్చున్నది.

"ఏం ప్రాజెక్టమ్మా?" అని అడిగితిని.

"టైటానిక్ అండి. ఓడలో ఎవరు బతుకుతారో, ఎవరు బతకరో మా మోడల్ ముందే చెప్పేస్తుందండి."

"వాళ్లు పోయి నూరేళ్లు దాటింది కదమ్మా!"

"అందరూ ఇదే చేస్తారండి. డేటా రెడీగా దొరుకుద్దండి."

నిజమే, దొరకును. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఉత్తర అట్లాంటికు మహాసముద్రములో మునిగిన ఆ నౌకలోని ప్రయాణికులలో 891 మంది ఒక పట్టికలో వరుసలు తీరియున్నారు. పేరు, వయస్సు, టికెట్టు తరగతి, ఇచ్చిన సొమ్ము, ఎక్కిన రేవు, చివరకు బ్రతికెనా లేదా అనునది. భూమండలముమీద మెషీన్ లెర్నింగు మొదలుపెట్టిన ప్రతి విద్యార్థియు ఈ మృతులను ఒకమారు మరల సముద్రములో ముంచి గాని పైమెట్టు ఎక్కడు. అది సరే, ఆ అమ్మాయి తెరను క్రిందికి జరుపుచుండగా నేను వయస్సు గడిని చూచితిని. వరుసవెంబడి 29.7, 29.7 అని కనబడుచున్నది. ఇందరికి ఒకే వయస్సెట్లు వచ్చెనని అడుగగా, పట్టికలో 177 మందికి వయస్సు లేదనియు, ఖాళీగా నుంచినచో ప్రోగ్రాము నడువదనియు, కావున అందరికిని సగటు వేసి నింపితిననియు చెప్పినది. ఒక్క పంక్తి ఆజ్ఞతో 177 మందికి ముప్పది ఏండ్ల ప్రాయము ప్రసాదింపబడినది! ప్రక్కగడిలోని పేర్లు చదువుమంటిని. ఆ కాలపు ఆంగ్లమర్యాదలో మగపిల్లల పేర్లముందు మాస్టర్ అని వ్రాయుదురు. వయస్సు లేనివారిలో నలుగురు అట్టి మాస్టర్లు తేలిరి. అమ్మచేయి పట్టుకొని ఓడ నెక్కిన బాలురకు గూడ ముప్పది ఏండ్లు నిండినవన్నమాట.

"సారు అలాగే నింపెయ్యమన్నారండి," అని ఆ పిల్ల చిన్నబోయి పలికినది. ఆమె తప్పేమియు లేదు. బియ్యములో రాళ్లు ఏరుట నేర్పక ఎసరు పెట్టుట మాత్రమే నేర్పినవారిది తప్పు.

టైటానిక్ కానిచో వీరు ముట్టుకొను రెండవ వస్తువు ఐరిస్ పువ్వు. మూడు జాతుల పువ్వులు, జాతికి 50 చొప్పున 150. రేకుల పొడవు వెడల్పులు, రక్షకపత్రముల పొడవు వెడల్పులు. వీనిని కొలిచిన ఎడ్గార్ ఆండర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కెనడాలోని గాస్పే ద్వీపకల్పమున గడ్డిభూములలో వంగి, చాలవరకు స్వయముగా వానిని సేకరించెను. సంఖ్యాశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ 1936లో తన సుప్రసిద్ధ వ్యాసమున వానిని వాడుకొనెను. ఆ వ్యాసము వెలువడిన పత్రిక మనుష్యజాతిని పశువులవలె మేలురకము చేయజూచిన సుజననవాదులదని మన పాఠ్యపుస్తకములు చెప్పవు, పోనిండు. ఆ పువ్వు మన పిల్లలు చూడలేదు, చూడబోరు. అది పదిమంది నడుమ నిలిచినను గుర్తుపట్టలేరు. అయినను దాని రేకుల కొలతలు సెంటీమీటరులో పదవవంతు వరకు వారికి కంఠస్థము. మా వీధి చివర మల్లెలమ్ము అమ్మ ఏ మాసమున మూర ఎంతకు అమ్మినదో మాత్రము ఏ పట్టికలోను లేదు.

ఆ 1936లోనే కలకత్తాలో సంఖ్యాశాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిసు రెండు జనసమూహముల నడుమ దూరము కొలుచుటకు ఒక సూత్రము ప్రకటించెను. నేటికిని మెషీన్ లెర్నింగువారు దినదినము వాడు సూత్రమది. ఆ 1936లోనే, జులై 30న, ఈ పుదుచ్చేరిలో సమ్మెకట్టిన మిల్లు కార్మికులపై ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరుపగా 12 మంది నేలకొరిగిరి. ఒకే సంవత్సరపు ఈ మూడు సంగతులలో మన విద్యార్థులకు తెలిసినది పువ్వు ఒక్కటే.

మహలనోబిసు ఊరక దూరము కొలువలేదు, మనుష్యులను కొలిచెను. ఆయన శిష్యుడు, మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఎముకలను కొలిచిరి. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టించుకొని, 1920లో హూవిన హడగళ్లిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణము బడులలో చదివి, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టము పొంది, ఉద్యోగము దొరకక కలకత్తా చేరిన తెలుగువాడు ఆయన. 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడాను దేశమున జెబెల్ మోయా అనుచోట త్రవ్వితీసిన ప్రాచీనుల అస్థిపంజరములను మ్యూజియములో కూర్చుండి ఒకటొకటిగా పరిశీలించెను. ఆ పనినుండియే, ఫిషరు పర్యవేక్షణలో, 1948లో డాక్టరేటు వచ్చినది. 2023లో, 102వ ఏట, సంఖ్యాశాస్త్రమున నోబెలుతో సమానముగా చెప్పుకొను అంతర్జాతీయ బహుమానము అందుకొని, ఆ ఆగస్టులోనే కన్నుమూసెను. ఆ వార్త మన కళాశాలల డేటా సైన్సు శాఖలలో ఎన్ని నోటీసుబోర్డులకు ఎక్కినదో నాకు అనుమానమే.

ఆయన జీవితములో నేను మరల మరల తలచుకొను ఘట్టము వేరొకటి ఉన్నది. 1944లో కలకత్తాలో పాఠము చెప్పుచు, నమూనా అపారముగా పెద్దదైనచో అంచనాలోని దోషము ఇంతకు దిగదని ఫిషరు కనుగొన్న ఫలితమును ఆయన వివరించుచుండగా, దండేకర్ అను విద్యార్థి లేచి, నమూనా చిన్నదైనప్పటి మాటేమని ప్రశ్నించెను. గురువు వద్ద సమాధానము లేదు. సిలబసులో లేదని కూర్చుండబెట్టలేదు. ఇంటికి పోయి ఆ రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు వచ్చి చెప్పెను. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు క్రామర్–రావు హద్దు అను పేర ప్రపంచమంతట పాఠమై నిలిచినది. అడిగిన విద్యార్థి వి.ఎం. దండేకర్ తరువాత అర్థశాస్త్రవేత్తయై, నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో ఈ దేశపు పేదలెందరో లెక్కగట్టెను. విశ్వవిద్యాలయమున విద్యావకాశమనగా ఏమని నన్నడుగువారికి ఆ తరగతిగదిని చూపుదును: ఒక చాక్‌పీసు, ఒక నల్లబల్ల, లేచి నిలుచుండి ప్రశ్న అడుగదగిన ధైర్యము, తెలియదని ఒప్పుకొనదగిన పెద్దరికము. మా మేడమీది అమ్మాయికి మొదటి రెండును ఉన్నవి. పైపెచ్చు ఎయిర్‌కండిషనరు గూడ ఉన్నది.

గ్రాఫిక్సు కార్డులు లేవు, సర్వర్లు లేవు, నిధులు లేవని విభాగాధిపతులు వాపోవుదురు. చిన్నపట్టికను సరిగా చదువుటకు ఏ కార్డు కావలెనో నాకు తెలియదు. మరి వారి గుమ్మము ముందర ఉన్న దత్తాంశముమాట ఏమి?

1985లో పార్లమెంటు చట్టమున ఏర్పడిన మన కేంద్రీయ విశ్వవిద్యాలయము కాలాపేటలో, ఈస్టుకోస్టు రోడ్డుప్రక్కన, అలల చప్పుడు వినబడు దూరమున ఉన్నది. దానికి చేరువనే పిళ్లైచావడిలో సాంకేతిక విశ్వవిద్యాలయము. ఈ రెంటి నడుమ తీరమంతయు కోతకు గురియగుచున్నది. కారణము ఎల్లరకు తెలిసినదే. మన తీరమున ఇసుక నిలిచియుండునది కాదు. నైరుతి గాలుల మాసములలో దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును, ఈశాన్య గాలుల మాసములలో కొంత వెనుకకు మరలును, సంవత్సరపు మొత్తమున ఉత్తరమునకు పోవునదే అధికము. 1980ల చివర అరియాంకుప్పము ఏటిముఖమున హార్బరు కొరకు రాతికట్టలు కట్టగా ఆ నడక ఆగిపోయినది. కట్టకు దక్షిణమున ఇసుక మేట వేసినది, ఉత్తరమున పట్టణపు బీచి మాయమై బండరాళ్లు మిగిలినవి, ఆపైన జాలరిపల్లెల ఇండ్ల గోడలు ఒకటొకటిగా కడలిపాలైనవి. పిల్లలు నలుగురు ఒక టేపును, ఒక గుర్తుకొయ్యను పట్టుకొని, క్లాసుకు పోవుటకు ముందు ప్రతి ఉదయము ఒకేచోట నిలిచి నీటిఅంచు ఎంత జరిగినదో కొలిచి వ్రాసినచో, పట్టము పుచ్చుకొను నాటికి వారిచేతిలో ఈ ప్రపంచమున మరెవ్వరియొద్దను లేని పట్టిక ఉండును. అందులో ఖాళీలు ఉండును. తుపాను రోజున కొలువలేకపోయిరి, ఒక వారము పరీక్షలు వచ్చినవి, ఒకనాడు ఎవరో కొయ్యను పెరికి పొయ్యిలో పెట్టుకొనిరి. ఆ ఖాళీలను సగటుతో నింపినచో ఏమి జరుగునో అప్పుడు ఎవరును చెప్పనక్కరలేదు: తుపానునాడే కదా తీరము ఎక్కువగా తెగునది! లోపించిన కొలత ఎందుచేత లోపించినదో తెలియనివాడు దానిని నింపరాదన్న సూత్రము, బురదలో కాళ్లు దిగిన ఆ పిల్లలకు పుస్తకము లేకయే అబ్బును.

సముద్రమునకు పోవ నిష్టము లేనిచో పట్టణమునకే రండు. సెయింట్ లూయీ వీధిలో 1955లో స్థాపింపబడిన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటు ఉన్నది. ఈ ఊరిలో భద్రపరుపబడిన శైవాగమ తాళపత్రములను యునెస్కో 2005లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. గ్రంథలిపిలో, గంటముతో గీసి మసిపూసిన ఆ అక్షరములను యంత్రముచేత చదివించుట మెషీన్ లెర్నింగు కాదా? ఆంగ్ల అంకెలు వ్రాసిన డెబ్బదివేల చిత్రములను మాత్రము మనవారు ఏటేట యంత్రముచేత చదివింతురు. ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగపిళ్లై 1736 నుండి 1761 దాక వ్రాసిపెట్టిన దినచర్య ఉన్నది: ఏ ఓడ ఎప్పుడు వచ్చినది, ఏ సరకు ఎంత పలికినది, గవర్నరు డూప్లేదొరగారు ఎవరిమీద కస్సుమనిరి. ఇరువది అయిదేండ్ల వర్తకము, వాతావరణము, వదంతి ఒకే మనుష్యుని కలమునుండి దిగిన గ్రంథము మరియొక రేవుపట్టణమునకు ఉన్నదేమో చూపుడు. కస్తూరి రంగకవిచేత ఆనందరంగరాట్ఛందము చెప్పించుకొన్న ఆ మహానుభావుడు తెలుగువారికి ఆప్తుడే. ఆయన ఓడలను లెక్కించు విద్యార్థి ఒక్కడైనను ఉన్నచో నాకు పరిచయము చేయుడు. కాఫీ నా ఖర్చు.

ప్రసిద్ధ పట్టికలతో అభ్యాసము చేయనిదే పిల్లలు తమ ఫలితములను ఇతరులతో ఎట్లు పోల్చుకొందురని ఒక ఆచార్యమిత్రుడు నాతో వాదించెను. పోల్చుకొననిండు, ఒక వారము. మూడేండ్లు కాదు.

యానాముమాట ఎత్తితిని గనుక ఇంకొకటి చెప్పక తప్పదు. ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి ఈ అమ్మాయి ఇక్కడి మేడగదికి ఏల రావలెను? ఆమె ఇంటినుండి కాకినాడ ముప్పది కిలోమీటర్లు. కాని రెవెన్యూ పటములో ఆమె పుదుచ్చేరిది. సీటు, ఫీజు రాయితీ, ధ్రువపత్రము, అన్నియు ఇక్కడనే. కారైకాలులో ఒక ప్రాంగణము పెట్టి, సముద్రము దాటి పోర్టుబ్లెయిరులో మరియొకటి పెట్టిన విశ్వవిద్యాలయమునకు యానామున్న గౌతమీతీరము ఎందుచేత కానరాలేదో పెద్దలే చెప్పవలెను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, యంత్రములకు మనుష్యుల మాటలు వినుట నేర్పి, 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారైతే గ్రామములవైపు చూచిరి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పల్లెపిల్లల కొరకు వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు ప్రథమ కులపతి ఆయనే. పారిసులో పేదదేశముల ప్రజలకు కంప్యూటరు చేర్చు కేంద్రమున పనిచేసినందులకు 1984లో మిత్తెరా అధ్యక్షుడు ఆయనకు లెజియన్ దొనార్ పతకము తగిలించెను. ఆ పతకము మన వీధులలోని పాత ఫ్రెంచి సైనికుల ఇండ్లలో గోడలమీద అద్దముల వెనుక నుండునట్టిదే. ఆ సంబంధమును గుర్తించినవారు మాత్రము నాకు తారసపడలేదు.

ఇక సీట్లలెక్క. పుదుచ్చేరి ప్రభుత్వపు ప్రవేశముల సంఘమగు సెంటాక్ పంచు వృత్తివిద్యా సీట్లలో ప్రాంతీయ కోటా కారైకాలునకు నూటికి 18, మాహేకు 4, యానామునకు 3. 2011 జనగణనను తీయుడు: మాహే జనసంఖ్య 41,816, యానాము 55,626. తక్కువమందికి ఎక్కువ సీట్లు, ఎక్కువమందికి తక్కువ సీట్లు! మొత్తము 12,47,953 మంది జనములో యానామువారు నూటికి నాలుగున్నరకు కొంచెము తక్కువ, దక్కునది మూడు. మాహే పిల్లలమీద నాకు ఈసు లేదు, వారి నాలుగు వారికి వర్ధిల్లుగాక. కాని నాలుగు వరుసల పట్టిక, రెండు గడులు. ఇది చదువుటకు న్యూరల్ నెట్‌వర్కు కావలెనా? ఈ ఊరిలో ఇన్ని డేటా సైన్సు శాఖలు వెలసినవి గదా, ఒక శాఖలోనైనను ఒక ఉపాధ్యాయుడైనను ఈ చిన్నలెక్కను మొదటి సంవత్సరపు పరీక్షలో ఇచ్చెనా?

ఇచ్చినను, అది పదునైదేండ్లనాటి లెక్కయని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ న్యాయమే. 1881 నుండి పదేండ్లకొకమారు, యుద్ధకాలమున సైతము, తప్పక జరిగిన జనగణన 2021లో జరుగలేదు. కోవిడు పోయినను వాయిదా పోలేదు. ఇంటింటికి పోయి తలుపు తట్టి ఎందరున్నారని అడిగి వ్రాసికొనుటను ఇన్నేండ్లు ఆపిన దేశము, ఊరూర కృత్రిమ మేధాకేంద్రములకు మాత్రము శంకుస్థాపనలు చేయుచున్నది. ఇప్పుడు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణదినముగా ప్రకటించిరి. ఆ అంకెలు వెలువడిన మరునాడే యానాము శాసనసభ్యుడు ఎవరైనను సరే వానిని ప్రింటు తీసి, కోటా ఉత్తరువుతో జతపరచి, సచివాలయమున బల్లమీద పెట్టి, రసీదు తీసికొని రావలెను. అంతదాక ఆగనక్కరలేదనుకొన్నచో 2011 అంకెలు చాలును. ప్రింటు ఖర్చు పేజీకి రెండు రూపాయలు, మా వీధి మొదటనే జిరాక్సు దుకాణమున్నది.

— ముదలియార్‌పేట వాసి